తక్కెడ లేవని రోజు

నన్ను బెల్లంతో తూచిన రోజు దగ్గర్లో గొయ్యి కనిపించి ఉంటే నేనే దూకి మన్ను కప్పుకునేదాన్ని. ఏం జరిగిందో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి. మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నేను మార్కాపురంలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకులు గోడకు అంటించేవాళ్ళు. ఆ గోడ తలుచుకుంటే నా పక్క మంచం సుజాతకు ముద్ద దిగేది కాదు. నాకు ముద్ద ఆగేది కాదు. ఇద్దరిదీ ఒకే భయం. ఆ పిల్ల చీపురుపుల్లయింది, నేను చుడీదార్ల కుట్లు విప్పించుకున్నాను. ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే చాలు, చెయ్యి దానంతటదే మురుకుల డబ్బాలోకి పోయేది.

ఆ సంగతి ఇంట్లో చెప్పొచ్చు కదా అంటారు. చెప్పలేదు. ఫోన్లో అమ్మతో "తిండి సయించడం లేదమ్మా" అన్నాను. అంటే సుజాత కష్టాన్ని నాదిగా చెప్పుకున్నాను. దిగులుతో చిక్కిపోయే పిల్లంటే అందరికీ జాలే. దిగులుతో లావయ్యే పిల్లను ఎవరు నమ్ముతారు?

అమ్మ హడలిపోయింది. మార్కాపురం వచ్చేవాళ్ళందరి చేతా మురుకులు పంపింది. అదీ చాలదని, నేను పాసైతే నా ఎత్తు బెల్లం ఇస్తానని త్రిపురాంతకం దగ్గరున్న మా ఇంటి అమ్మవారికి మొక్కుకుంది.

పాసయ్యాను. ఎంట్రన్సు కోచింగని ఇంటికి పోకుండా హాస్టల్లోనే ఉన్నాను. బెల్లం కొనేముందు నాయన ఫోన్ చేశాడు.

"ఎంత బరువున్నావు పాపా?"

"నలభై, నాయనా." అది కాలేజీలో చేరినప్పటి బరువు.

నాయన గొర్రెలు పెంచుతాడు. పొట్టేలును నడుం దగ్గర పట్టి ఒక్కసారి లేపితే బరువు చెప్పేస్తాడు. కూతుర్ని ఫోన్లో లేపి చూడలేడు కాబట్టి నా మాట నమ్మాడు.

మొక్కు రోజు బస్సు దిగి నేరుగా గుడికి పోయాను. అమ్మ నన్ను చూసి బిత్తరపోయింది.

"తిండి లేక ఒళ్ళంతా నీరు పట్టినాది పాపకు!"

తక్కెడలో కూర్చున్నాను. అవతల బెల్లమంతా పేర్చారు. నా పళ్ళెం నేలను వదల్లేదు.

"ఇంకా పెట్టండి" అన్నాడు పూజారి.

"అయిపోయింది సామీ. నలభైకి కొంచెం ఎక్కువే తెచ్చినా" అన్నాడు నాయన.

"తక్కెడ పట్టేసిందేమో చూడండి" అంది మేనత్త.

"ఇంతకుముందే ఒక పెళ్ళికొడుకును తూచినాం తల్లీ. బాగానే లేచినాడు."

టెంకాయలు పెట్టారు. అరటిగెల పెట్టారు. నేను కదల్లేదు. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మొక్కు తక్కువైతే ఎట్ల? పిల్ల ఇంకా ఎంట్రన్సు రాయాల గదా!"

నాయన దగ్గరికొచ్చి, నడుం పట్టి నన్ను కాస్త లేపి, దించేశాడు.

"ఏంది నలభై? బక్రీదుకు అమ్మే పొట్టేలంత ఉంది!"

గుడంతా నవ్వింది. ఇక దాచలేక సుజాత సంగతితో సహా అంతా చెప్పేశాను. అమ్మ నవ్వలేదు. హాస్టలుకని తెచ్చిన మురుకుల డబ్బా తీసి బెల్లం మీద పెట్టింది. నా పళ్ళెం మెల్లగా గాల్లోకి లేచింది.

"భయమైతే భయమని చెప్పకూడదా పాపా? నేను తిండే పంపిస్తా కూచున్నా గదా" అంది.

ఏడుపొచ్చింది. తక్కెడలో ఊగుతూ ఏడవడం చాలా కష్టం, ఎవరూ ప్రయత్నించకండి. తూకంలో పెట్టింది అమ్మవారిదేనని పూజారి మురుకుల డబ్బా కూడా లోపలికి తీసుకుపోయాడు. దానికి ఇంకాస్త ఏడ్చాను.

ఎంట్రన్సుకు అమ్మ మళ్ళీ మొక్కుకుంది. ఈసారి నా ఎత్తు కాదు, సుజాత ఎత్తు.

అందుకే ఆ అమ్మవారి సాక్షిగా, ఆ తక్కెడ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా దిగులు గురించి మా అమ్మకు గానీ, నా బరువు గురించి మా నాయనకు గానీ అబద్ధం చెప్పను.