అవ్వను రెండుసార్లు పూడ్చిన సంగతి

పోయిన శుక్రవారం తొర్రూరు దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక, నన్ను బొందలో పెట్టేటప్పుడు కళ్లజోడూ చెవి మిషనూ మరిచిపోవద్దనీ, అక్కడ మీ తాత గొణిగేది నాకు వినబడాలి కదా అనీ మనవరాలితో సరదాగా అన్నాను. వంటింట్లోంచి కోడలు కసిరింది. "గవేం మాటలు అత్తమ్మా, శుక్రవారం పూట!" నిజానికి ఆ వేళాకోళం నాది కాదు, మా అవ్వది.

అవ్వ అంటే మా నాయిన తల్లి. మాది కొడకండ్ల దగ్గర పల్లె. దొరల మీద సాయుధ పోరాటం రోజుల్లో నాయిన దళంతో అడవి పట్టిపోతే ఇంట్లో అవ్వ, అమ్మ, పదేళ్ల నేను మిగిలాం. ఏ పూట ఏ ఇంట్లో ఏడుపు వినబడుతుందో తెలియని ఆ రోజుల్లో, అవ్వ గడపలో కూర్చుని చుట్ట కాలుస్తూ తన బొందలో ఏమేం పెట్టాలో చెప్పి మమ్మల్ని నవ్వించేది. చుట్టలు కావాలి, దువ్వెన కావాలి, నీళ్లకు ఇత్తడి చెంబు కావాలి. "కొడవలి గూడ పెట్టుర్రి. పైన గూడ దొరలుంటే ఒట్టి చేతుల్తోని ఏం జేస్త?" అనేది.

ఒకనాడు పొద్దున సిపాయిలు నాయిన కోసం వచ్చారు. అడ్డం నిలబడ్డ అవ్వను తుపాకి మడమతో ఛాతీ మీద పొడిచారు. మూడో రోజు ఆమె పోయింది. కబురు పంపే దారి లేక, కొడుకు లేకుండానే గుట్ట కింద మన్నుచేశాం. అమ్మ ఏడుస్తూనే అవ్వ అడిగినవన్నీ పక్కన సర్దింది, కొడవలితో సహా.

ఆ కొడవలిని చూసినవాళ్లెవరో ఏమని చెప్పారో, మర్నాడు మధ్యాహ్నం సిపాయిలు పోలీసు పటేలును వెంటబెట్టుకుని వచ్చి, బొందలో ఆయుధాలు దాచారని అమ్మ చేతికే పార ఇచ్చి తవ్వమన్నారు. అవ్వకు తగులుతుందేమోనని కొంత లోతుకు పోయాక అమ్మ పార పక్కన పడేసి చేతులతో తోడింది. తట్టలో మన్ను ఎత్తిపోసింది నేనే. చెంబు, దువ్వెన, చుట్టల మూట ఒక్కొక్కటే బయటికి తీయించి విప్పి చూశారు. చివరికి కొడవలి దొరికింది. ఇదెందుకని వాళ్ల పెద్ద అడిగాడు.

"మా అత్త అడిగింది సారూ," అంది అమ్మ.

ఒక సిపాయి నవ్వాడు. పటేలు తల వంచుకున్నాడు. కొడవలి తీసుకుని వాళ్లు వెళ్లిపోయారు. అమ్మ అవ్వ ముఖం మీది మన్ను కొంగుతో తుడిచి, చీర సరిచేసి, మిగిలినవి మళ్లీ పెట్టి, "జర ఓర్చుకో అత్తా," అంటూ రెండోసారి పూడ్చింది.

అడవిలో పట్టుబడి జైలుకు పోయిన నాయిన చాన్నాళ్లకు విడుదలై వచ్చి, అవ్వకు అన్నీ పెట్టారా అని అడిగాడు. "అన్నీ పెట్టినం," అంది అమ్మ, నా వంక చూసి. నాయిన నవ్వాడు, ఆ నవ్వులోనే ఏడ్చాడు. మేమిద్దరం ఆ సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. తల్లిని రెండుసార్లు పూడ్చారని తెలియకుండానే ఆయనా వెళ్లిపోయాడు.

నా ఈడువాళ్లకు తెలుసు, చావు గడప ముందే తిరిగిన ఆ రోజుల్లో మేం దాని గురించి పగలబడి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు మందులున్నాయి, దవాఖానలున్నాయి, తలుపు తన్నేవాళ్లు లేరు. అయినా ఆ మాటెత్తితే పిల్లలు బెదిరిపోతారు. చావు మాటకే బెదిరేంత నిమ్మళంగా వాళ్లు బతకడం మంచిదే అనుకుంటాను. కాని కలిసి నవ్వేవాళ్లు లేక, ఒక్కోసారి నేనే బిక్కుబిక్కుమంటూ ఉంటాను.