అద్దం మీది గీత

అమలాపురంలో నా స్కానింగ్ షాపుకొచ్చే ఒక కొబ్బరితోట రైతుగారు దేనికైనా, అవునన్నట్టు, "ఆయ్" అనేవారు. నమ్మనప్పుడు మాత్రం దాన్ని సాగదీసి, కళ్ళజోడు పైనుంచి చూసేవారు.

ఒకసారి, ఆయన తోటా తమ్ముడి తోటా పక్కపక్కనే ఉన్న మ్యాపు తెచ్చారు. పెద్ద స్కానర్లో పెడితే ఆయన తోట మధ్యగా సరిహద్దులా నల్లగీత పడింది.

"మా తమ్ముడేమైనా వచ్చేడాండీ ఇక్కడికి?"

"రాలేదండీ. స్కానర్ అద్దం మీద దుమ్ము. కాగితం దాని మీదుగా జరిగేసరికి గీతలా పడింది, అంతే."

"ఆ...య్."

నాకు ఒళ్ళు మండింది. దుమ్మేనని రుజువు చేద్దామని మ్యాపుని తలకిందులుగా తిప్పి మళ్ళీ స్కాన్ చేశాను. ఈసారి గీత తమ్ముడి తోటలో పడింది. అద్దం తుడవబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనివ్వండి. ఇప్పుడు సరిగ్గా వచ్చిందండీ."