పెదనాయన వాపసు ఇచ్చిన నల్లమందు చీటీ

మా పక్కింటి పెదనాయన పోయాడని ఆయన కూతురు గోడ మీదుగా చెప్పినప్పుడు నేను బడికి పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. "అన్నా, నాయిన లేడు" అంది. అంతే. పొద్దున గంజి ఇవ్వబోతే పలకలేదట. ఒక గుండీ ఎక్కువ, ఒక గుండీ తక్కువగా ఉన్న చొక్కాతోనే పరిగెత్తాను.

ఆ రోజు వాకిట్లో చేరినవాళ్ళు ఆయన గురించి మంచిగానే మాట్లాడారు. కానీ "నల్లమందు తిన్నోడైనా శానా మంచోడప్పా" అని ఒకరు మొదలుపెడితే, తక్కినవాళ్ళంతా అదే పాట అందుకున్నారు. ఆయనలోని మంచితనాన్ని వీళ్ళేదో దయతలచి ఒప్పుకుంటున్నట్టు! నాకు ఒళ్ళు మండింది. ఇంకా మండుతూనే ఉంది. ఆ మంటలోనే ఇది రాస్తున్నాను కాబట్టి, మాట ఎక్కడైనా గరుకుగా తగిలితే చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

ఆయన మాకు చుట్టం కాదు. రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి పెదనాయనా అనే పిలిచాను. ఆయన పని బండలు పరచడం. బేతంచెర్ల వైపు నుంచి ఎద్దులబండ్ల మీద వచ్చే నాపబండలను చెక్కి, అంచులు కలిపి, ఇళ్ళలో పరిచేవాడు. పత్తికొండ దాకా ఆయన చేయి పడిన ఇళ్ళున్నాయి. బండ వాలు చూసే రసమట్టం ఒకటి సంచిలో ఉండేది గానీ దాన్ని పూర్తిగా నమ్మేవాడు కాదు. పని ముగిశాక ఆ ఇంటి ఆడమనిషిని పిలిచి "ఒక చెంబు నీళ్ళు పొయ్యి తల్లీ" అనేవాడు. ఆ నీళ్ళు ఎక్కడా ఆగకుండా తూము దాకా పోతేనే చేతులు కడుక్కునేవాడు. ఏ మూలైనా కాస్త మడుగు కట్టిందా, ఇంటివాళ్ళు పరవాలేదన్నా వినకుండా బండ పెకలించి మళ్ళీ వేసేవాడు.

"మనిషి మొగమాటానికి బాగుండాదంటాడు. నీళ్ళకు మొగమాటం లేదప్పా" అనేవాడు.

ఒకసారి బండి మీద నుంచి బండ జారి ఆయన తుంటి మీద పడింది. కర్నూలు ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నాడు. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. నొప్పి మాత్రం ఆయనతో పాటే ఇంటికొచ్చింది. డాక్టరు రాసిచ్చిన కాగితం చూపిస్తే ఆయన పేరు మీద సర్కారు వాళ్ళు నల్లమందు చీటీ ఇచ్చారు. ఆ చీటీ తీసుకుపోతే తాలూకా ఊళ్ళో లైసెన్సు ఉన్న అంగడివాడు వారానికి ఇంత అని తూచి ఇచ్చేవాడు. దాన్ని మిరియపు గింజలంత ఉండలు చేసి ఇత్తడి సున్నపుకాయలో దాచుకునేవాడు. పొద్దున ఒకటి నోట్లో వేసుకుని, కాసేపు గోడకు ఆనుకుని కూర్చుని, ఆ తర్వాత ఉలీ సుత్తీ తీసుకుని పనికి పోయేవాడు. నల్లమందు తినేవాళ్ళు కునికిపాట్లు పడుతుంటారని అంటారు. ఈయన తిన్నది లేచి నడవడానికి.

బుడ్డలు, అంటే వేరుశనగ, పీకే కాలంలో కూలికి పోయే తల్లులు, బిడ్డలు ఏడవకుండా పడుకోవాలని నాలుకకు ఇంత నల్లమందు రాసేవాళ్ళు. ఒకామె వచ్చి పెదనాయనను ఒక ఉండ అడిగింది. ఆయన గట్టిగా అరవగా విన్నది నేను అదొక్కసారే.

"నేను తెలిసి తింటాండా. ఆ బిడ్డకు వద్దనేదానికి నోరు యాడుండాది?"

అరిచి ఊరుకోలేదు. ఆమె చేను పని అయ్యేదాకా ఆ బిడ్డ ఈయన వాకిట్లోనే బండల మీద దోగాడింది. చూసుకున్నది ఆయన కూతురు.

ఇక నా సంగతి. మా నాయన సారా తాగి తాగి పోయాడు. ఇంట్లో తపేలాలు ఒక్కొక్కటే అంగడికి నడిచాయి. మా జిల్లాలో సారా అంగళ్ళు మూసేసినప్పుడు, తలుపుకు నిజంగా తాళం పడిందో లేదో చూడాలని మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది. తాళాన్ని చేత్తో పట్టుకుని లాగి చూసింది. నాకు పంతులుద్యోగం వచ్చాక ఊళ్ళో మత్తు మాన్పించే సంఘానికి కార్యదర్శినయ్యానంటే ఆ తాళమే కారణం. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఈ మద్యనిషేధం గొడవలోనే అక్కడ మంత్రివర్గం పడిపోయింది. ఉండాలా, తీసెయ్యాలా అని కాఫీ హోటళ్ళలో జనం బల్లలు గుద్దుకున్నారు. మేమిద్దరం పెదనాయన అరుగు మీద కూర్చుని గుద్దుకున్నాం.

"తాగేవాడు తాగి ఇల్లు గుల్ల చేస్తే ఆ పెళ్ళాం బిడ్డలకు ఎవరు దిక్కు పెదనాయనా? వాడి ఇష్టం అని వదిలెయ్యాలా?"

"తాగి పెండ్లాన్ని కొట్టినోన్ని పట్టుకోండప్పా, వద్దన్న్యానా? కొట్టినదానికి పట్టుకోండి. మీ నాయన నోటికి ఎయ్యాల్సిన తాళం నా నోటికెందుకు ఏస్తాండారు?"

"చట్టం అందరికీ ఒకటే కదా!"

"తుంటి అందరికీ ఒకటి కాదు కదా!"

జవాబు లేనప్పుడు పంతుళ్ళు గొంతు పెంచుతారు. నేనూ పెంచాను. ఆయన నవ్వి, "గొంతు నొప్పి పుడతాది, దానికీ చీటీ కావాల్సొస్తాది" అన్నాడు.

అట్లా మాటలతో పోయినా బాగుండేది. మత్తు బొత్తిగా లేని ఊళ్ళకు మెప్పు పత్రం ఇస్తారనీ, పై అధికారి మా ఊరికి వస్తున్నాడనీ కబురొచ్చింది. సంఘంలో అందరికీ ఉత్సాహం పుట్టింది. సారా మా ఊళ్ళో లేదు, అంటే కంటికి కనపడేటట్టు లేదు. మిగిలినవి నాలుగు నల్లమందు చీటీలు. వాటిని అధికారి ఎదుట వాపసు ఇప్పిస్తే ఊరు కడిగిన ముత్యమవుతుందని తీర్మానం చేశాం. రాసింది నేను. 'తమ ఇష్టపూర్వకంగా' అన్న ముక్క చేర్చిందీ నేనే. ముగ్గురు ముసలివాళ్ళు మారు మాట్లాడకుండా వేలిముద్రలు వేశారు. నాలుగో చీటీ పెదనాయనది.

తీర్మానం చదివి వినిపిస్తే, "ఇందులో నా తుంటి యాడ రాసినావో అది సదువు" అన్నాడు.

"కొన్నాళ్ళు కష్టంగానే ఉంటాది. తర్వాత అలవాటు పడతావు" అన్నాను. నా తుంటి నిక్షేపంగా ఉంది కాబట్టి అట్లా అనగలిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను.

"నాలుగూ ఇప్పిస్తానని మాటిచ్చినాను పెదనాయనా. రేపు సభలో మూడే ఉంటే నా మొగం యాడ పెట్టుకునేది?"

ఆయన గోడ పట్టుకుని లేచాడు. "నీ మాట పోకూడదులేప్పా" అన్నాడు.

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని, కట్టె పట్టుకుని సభకు వచ్చాడు. వేలిముద్ర వెయ్యలేదు, సంతకం పెట్టాడు. ఆ సంతకం నేర్పింది నేనే. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏ ఇంటివాళ్ళ మొగమాటానికీ ఒక్క బండ వంకరగా వదలని మనిషి, నా మొగమాటానికి లొంగాడు.

ఆ తర్వాత పది రోజులు గోడ అవతల నుంచి వాంతుల చప్పుడు వినపడింది. వణుకుతున్నాడని కూతురు ఉన్న బొంతలన్నీ కప్పింది. అది తగ్గాక అసలు నొప్పి తలెత్తింది. నెల తిరగకుండానే నేను కర్నూల్లో చీటీలిచ్చే ఆఫీసుకు పోయాను. గుమాస్తా కాగితాలు వెతికి నా దస్తూరీ నాకే చూపించాడు.

"ఇష్టపూర్వకంగా అని నువ్వే రాసినావు కదయ్యా? అవసరం లేకనే కదా ఇచ్చినాడు?"

"పొరపాటైంది. మళ్ళీ ఇప్పించండి."

"కొత్త పేర్లు ఎక్కించేది లేదు. ఉండేటోళ్ళకే ఏటికేడు తగ్గిస్తాండారు."

నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి గుమాస్తా సెలవు, ఒకసారి బదిలీ, ఒకసారి డాక్టరు కాగితం పాతదన్నారు. ఇవతల కొండ వాగుల్లో సారా కాగుతూనే ఉంది, సైకిలు ట్యూబుల్లో ఊళ్ళోకి వస్తూనే ఉంది. మాకొచ్చిన మెప్పు పత్రం కింది నుంచే పోతూ ఉంది. తాగదలచినవాడికి ఏ లోటూ రాలేదు. చీటీ చేతబట్టుకుని దారిన పోయి తెచ్చుకున్న మనిషికే దారి లేకుండా చేశాం.

అయితే అంగళ్ళు మళ్ళీ తెరవమంటావా అని అడుగుతారు. నాకు తెలియదు. ఆ తాళం లాగి చూసిన అమ్మ చెయ్యి నాకు గుర్తుంది. గోడ పట్టుకుని లేవలేక లేచే పెదనాయన చెయ్యీ గుర్తుంది. ఒక చేతికి ఇచ్చింది ఇంకో చేతి నుంచి లాక్కోకుండా చట్టం రాయడం అంత కానిపనా? ఏమో, నేను రాసిన ఒక్క తీర్మానమే ఇట్లా తగలడింది.

ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు మరీ కడుపుమంట. పనికి పోవడం మానేశాక కూడా, నేను బడి నుంచి వస్తుంటే అరుగు మీద నుంచి "ఏమప్పా అయ్యవారూ, పిల్లోళ్ళు సదువుతాండారా?" అనే అడిగేవాడు. ఒకసారి ఉండబట్టలేక, ఇదంతా నా వల్లనే అన్నాను.

"ఇచ్చింది నేను. నా చేత్తో ఇచ్చినా. అది కూడా నీదే అంటావా?" అన్నాడు. ఆ మాటలో మాత్రం కోపముంది.

దినాలు అయిపోయిన మర్నాడు కూతురు ఆ ఇత్తడి సున్నపుకాయ తెచ్చి నా చేతికిచ్చింది. మూత తీస్తే అడుగున ఒకే ఒక్క ఉండ, ఎండిపోయి, రాయిలా.

"చీటీ ఇచ్చేసిన పొద్దు ఇదొక్కటి దాపెట్టినాడన్నా. నొప్పి ఎక్కువైతే మూత తీసి చూసేటోడు, మళ్ళా మూసేటోడు. తినరాదా నాయినా అంటే, 'తింటే అయిపోతాది. ఉంటే, తినేదీ మానేదీ నా ఇష్టం' అనేటోడు. అయ్యవారికి ఇయ్యమని చెప్పినాడు."

చీటీ లేకుండా నల్లమందు దగ్గర పెట్టుకోవడం నేరం. ఊరందరికీ ఆ సంగతి దండోరా వేయించింది నేనే. మెప్పు పత్రం బడిలో నా కుర్చీ వెనక, అద్దం కట్టి వేలాడుతోంది. ఈ ఉండను తూములో పడేసి కడిగేద్దామని నిన్న చెంబు తీసుకుని వాకిట్లోకి పోయాను. మా వాకిలి ఆయన పరిచిందే. నీళ్ళు పోశాను. ఎక్కడా ఆగకుండా తూము దాకా పోయాయి. ఉండ నా పిడికిట్లోనే ఉండిపోయింది.