‘కంప్యూటరు ఒప్పుకోలేదు’

తొంభైల చివర్లో ఒక వేసవిలో, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సిస్టమ్స్ ఆఫీసరుగా చేరాను. హోదా పేరు మాత్రం పెద్దది. నా కింద ఎవరూ లేరు. పైన ప్లాంటు మేనేజరు, ఆయన పైన యజమానులు. తిరుపతి నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నాకు అప్పగించిన పని ఒకటే: గుజ్జుకు వాడే తోతాపురి మామిడి దిగేలోపు గేటు దగ్గర టోకెన్ల పద్ధతిని కంప్యూటర్లోకి మార్చాలి.

ఆ గేటు సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. సీజన్లో ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరతాయి. గేటులో టోకెన్ తీసుకుని, వంతు వచ్చాక కాటా ఎక్కి, తర్వాత కాయ నాణ్యత చూసే చోటికి వెళ్ళాలి. కాయ మెత్తబడిందని తేలితే బండి వెనక్కే. కోసిన కాయ ట్రాలీలో ఒకదాని మీద ఒకటి పడి ఉంటే లోపల వేడెక్కుతుంది. అడుగు పొర ముందు చెడుతుంది. వంతు ఆలస్యమైతే ఆ రైతు పంటను రోడ్డు పక్కన పారబోసుకోవాల్సిందే.

ఏ సిస్టమ్ అయినా రాసేముందు స్టడీ చేయాలి. అంటే ఇప్పుడు పని ఎలా నడుస్తోందో పక్కన కూర్చుని చూడాలి. ముందుగా దిగే రకాలు కొద్దికొద్దిగా వస్తున్న రోజులవి. గేటు గుమాస్తా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రైతులు తమలో తాము పాటించే ఒక కట్టుబాటు అక్కడే నా కంటపడింది. వానకు తడిసిన బండి గానీ, గాలికి రాలిన కాయతో వచ్చిన బండి గానీ ఉంటే, ముందున్నవాళ్ళు దోవ ఇస్తారు. ఇద్దరూ గేటు దగ్గరికొచ్చి సరేనంటే గుమాస్తా టోకెన్లు మార్చేవాడు. ఇవాళ దోవ ఇచ్చినవాడికి రేపు ఇంకొకరు ఇస్తారు. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పినట్టు నేను చూడలేదు.

డిజైన్ నోట్‌లో దీన్ని ‘టోకెన్ మార్పిడి’ అని పెట్టాను. ప్రోగ్రాం ఏం చేయాలో, ఏం చేయకూడదో అంతా ఆ నోట్‌లో ఉంటుంది. మేనేజరు సంతకం అయితేనే కోడింగ్ మొదలు. ఆయన ఎర్ర పెన్నుతో మార్పిడిని కొట్టేశాడు. దాని బదులు తన చేత్తో ఒక నియమం రాశాడు: మండీ వ్యాపారుల లారీలకు ప్రత్యేక కోడ్, ఆ కోడ్ కొడితే టోకెన్ వరుసతో పని లేకుండా నేరుగా కాటాకి. ఇది అన్యాయమని నోటితో చెప్పాను, కాగితం మీద కూడా రాసిచ్చాను. కంప్యూటరు పెట్టేదే గేటు దగ్గర గొడవలు లేకుండా చేయడానికని, రైతుల మంచిచెడ్డలు చూడటం నా ఉద్యోగంలో లేదని నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పారలల్ రన్ కూడా వద్దన్నాడు. పాత పద్ధతినీ కొత్తదాన్నీ కొన్నాళ్ళు పక్కపక్కన నడిపి తేడాలు చూసుకోవడాన్ని అలా అంటాం. దానికి టైము లేదట. ఆయన సంతకం పెట్టిన నియమాలతోనే ప్రోగ్రాం రాసి గేటులో పెట్టాను.

సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం పెద్ద వాన పడింది. మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర గట్టిగా మాటలు వినిపిస్తే వెళ్ళాను. చంద్రగిరి వైపు నుంచి వచ్చిన మునిరత్నం అనే రైతు గుమాస్తా కిటికీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ట్రాలీ అడుగు నుంచి రసం కారుతోంది. ముందున్న ట్రాక్టర్లవాళ్ళు కూడా పక్కనే ఉన్నారు.

“మేమే పొమ్మంటా ఉండాం గదప్పా! మా వంతు ఆయనకు ఇయ్యి. మాకేం తొందర లేదు,” అంటున్నారు.

గుమాస్తా పాపం టోకెన్ నంబరు కొట్టాడు. అనుమతి లేదని తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అదే. ఇంతలో మేనేజరు వచ్చాడు. మొహంలో ఎంత జాలి నటించాడో చెప్పలేను.

“నేనేం చేసేదప్పా? కంప్యూటరు ఒప్పుకోలేదు. నా చేతుల్లో ఏముండాది?”

ఆ మాట అంటుండగానే ఆయన వెనకాల మండీ లారీ ఒకటి ఆగకుండా లోపలికి పోయింది.

అంతే, నాకు ఆపుకోలేని కోపం వచ్చింది. నేను రాత్రింబగళ్ళు కూర్చుని రాసిన పనిని ఈ మనిషి ముసుగులా కప్పుకుని నిలబడ్డాడు. అందరికీ వినిపించేలా చెప్పాను. కంప్యూటరుకి ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం తెలియదన్నాను. వంతు మార్చకూడదని రాసింది ఈ మేనేజరుగారేనని, ఆ లారీని వదలమని రాసింది కూడా ఆయనేనని, ఆయన సంతకం ఉన్న కాగితం నా బల్ల సొరుగులో ఉందని చెప్పాను.

ముందున్న ట్రాక్టరు రైతు బండి స్టార్ట్ చేసి, తెచ్చి గేటుకి అడ్డంగా పెట్టాడు. లారీలు వెనక ఆగిపోయాయి.

మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఊడితే ఊడనీ అన్నాను. లారీల హారన్లు ఆగకపోయేసరికి చివరికి దిగొచ్చాడు. మార్పిడి పెట్టమన్నాడు. రాసి సంతకం చేయమన్నాను. పళ్ళు కొరుకుతూ చేశాడు. మార్పిడి భాగం నేను ముందే రాసి పక్కన ఉంచినదే, కలపడానికి ఎంతోసేపు పట్టలేదు.

మునిరత్నం బండి లోపలికి పోయింది. కానీ పై పొర మాత్రమే తీసుకున్నారు. మిగతాది మెత్తబడిందని తిప్పి పంపారు. రోడ్డు వార కాయను పారతో తోస్తున్నాడు ఆయన. నేను దగ్గరికి వెళ్ళాను. ఆయనే మొదలుపెట్టాడు.

“నిన్న వాన పడినప్పుడే వచ్చి అడిగినానమ్మా. ముందరోళ్ళు అప్పుడే సరే అనినారు. మిషన్ కుదరదనిందంటే నోరు మూసుకుని పోయి కూసున్నా. ఆయప్ప రాసిందని తెలిసింటే నిన్ననే గల్లా పట్టుకుని అడిగిందును. మనిసైతే అడగొచ్చు. మిషన్ని యాడ పట్టుకుని అడిగేది?”

ఆ సీజన్ అయ్యాక నన్ను తీసేశారు. కారణం కాగితంలో ‘పని అవసరం లేనందువల్ల’ అని రాశారు. మేనేజరు మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నాడు.

తర్వాత రిటైరయ్యేదాకా చాలా సంస్థలకు సిస్టమ్స్ రాశాను. ఒక అలవాటు మాత్రం మానలేదు. నా ప్రోగ్రాం దేనికైనా కుదరదని చెబితే, కింద ఇంకో వరుస వస్తుంది: ఈ నియమం పెట్టిన అధికారి హోదా, ఆయన్ని కలవాల్సిన గది. తిరుపతిలో ఒక పెద్ద ఆఫీసులో ఒక అధికారి తన నియమాలన్నీ చూసి, ఒకదాని కింద తన హోదా కనపడకుండా తీసేయమన్నాడు. ఆ వరుస తీయనని, కావాలంటే నియమం తీసేస్తానని చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, నియమమే తీసేయమన్నాడు.