కొంగు దాటిపోయిన చీర

ఆ యేడు నా నోట్లోంచి మాటలు ఒక్కొక్కటే లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. చెప్పి పోయినా బాగుండేది. కుక్కర్ పేరు గుర్తురాక "ఆ ఈల వేసేది" అన్నాను. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశానో తెలియక, ఆ చల్లటి వెలుతురులో అలాగే నిలబడిపోయేదాన్ని. ధర్మవరంలో మా వీధిలో నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. అలాంటిది ఒకరోజు కొళాయి దగ్గర పక్కింటామెను తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయాను. తిట్టు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి మళ్లింది.

"ఏమక్కా, అయిపోయిందా?" అందామె, తన బిందె జరుపుకుంటూ.

"యాడ అయిపోయింది. గుర్తొచ్చినాక వచ్చి తిడతా, ఇంట్లోనే ఉండు."

"ఉంటాలే. పోయినేడు నాకూ ఇట్లనే ఉండె. ముట్టు నిల్చిపోయే ముందర తలంతా పొగ పట్టినట్లుంటాది."

అనంతపురంలో డాక్టరమ్మా అదే చెప్పింది. ఈ వయసులో మామూలేనట, మతి పోవడం కాదట. డిగ్రీ చదివినదాన్ని, ఊరికే ఒప్పుకుంటానా? మామూలైతే నాకెందుకు మామూలుగా లేదని ఆమెతోనూ వాదించాను.

మాటలు పోతే పోనీ అనుకోగలను. నా భయమంతా మగ్గం గురించి. పెళ్లయ్యాక మా ఆయన దగ్గరే నేత నేర్చుకున్నాను. తరువాత ఆయనకంటే బాగా నేశాను. ఇంట్లో నా నోటిని అందరూ భరించేది ఆ చెయ్యిని చూసే.

అప్పుడు మగ్గం మీద ఉన్నది పుట్టపర్తి వాళ్ల పెళ్లికూతురి చీర. మామిడిపండు రంగు బాడీ, వంకాయ రంగు కొంగు. బయట వాన జాడ లేదు, ఎర్రమట్టి గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి. గుండెలోంచి ముఖానికి వేడి ఎగదన్నుకొచ్చింది. మగ్గం గుంతలో కాళ్లకు మాత్రం మట్టి చల్లగా తగులుతోంది. పేక దారంతో నాడె అటు పోయి ఇటు వస్తోంది. ఆ మామిడిపండు రంగు నా ముందు పరుచుకుంటూ పోయింది. నేను కణేకల్‌లో పుట్టినదాన్ని. కాలువ కింద కోతకొచ్చిన వరి అదే రంగులో ఉంటుంది. నేను గట్టు మీద నడుస్తున్నాను. ముందర నాయన నడుస్తున్నాడు, వెనక్కి తిరిగి చూడడం లేదు. కాలువలో నీళ్ల చప్పుడో, మగ్గం చప్పుడో తెలియడం లేదు. పొలం ఎక్కడా అయిపోవడం లేదు.

"ఏమే, కొంగు యాడ?"

మా ఆయన పక్కన నిలబడి ఉన్నాడు. ఒకే పడుగు మీద మూడు చీరలు వరసగా నేస్తాం. బాడీ ఆపి కొంగు ఎక్కడ మొదలుపెట్టాలో అంచుకు ఒక దారం కట్టి గుర్తు పెట్టుకుంటాం. ఆ గుర్తు ఎప్పుడో నేసిన బట్టతోపాటు కర్రకు చుట్టుకుపోయింది. రెండు మూరలు దాటి నేసేశాను. అదంతా వచ్చే చీరకు చెందిన పడుగు.

"యాడుండావే ఇంతసేపు?"

"ఈడనే కదప్పా, గుంతలో. ఇంగ యాడికి పోతా."

ఆయన వంగి బట్టను వేళ్లతో తడిమాడు. "నేత మాత్రం బాగుండాది," అన్నాడు. ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. నడుం ఎత్తి, "లెయ్ ఇంగ. కొత్తచెరువు నుంచి ఎవురినన్నా నేసేదానికి పిలిపిస్తా. నువ్వు దారం కండెలు చుట్టు," అన్నాడు.

"కండెలు చుట్టేదానికా నేను..."

తరువాతి మాట కోసం వెతికాను. లేదు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నా వైపు నుంచి అంత నిశ్శబ్దం ఆయన ఎప్పుడూ విని ఉండడు. సంతోషించాల్సిన మనిషి, భయపడినట్టు నా ముఖంలోకి చూశాడు.

"మాటలు పోతాండాయప్పా. చేతులు పోలేదు," అన్నాను. "చూసి చెప్పు, ఒక్క పోగన్నా తప్పిందా?"

"తప్పలా."

"మరి?"

"కొంగు తప్పె కదే."

కర్రకు చుట్టుకుపోయిన బట్ట మీద చెయ్యి వేశాను.

"కొంగు యాడ మొదలు పెట్టాలో నువ్వు చెప్పు. నేసేది నేను నేస్తా."

"నేను చెప్తే యానాడన్నా వింటివా?"

"విన్లా. ఇప్పుడు వింటా అంటాండా కదా."

ఆయన మగ్గానికి అవతల చతికిలబడ్డాడు. నేను బ్లేడుతో పేక కోస్తుంటే, అటువైపు నుంచి ఒక్కో పోగూ లాగాడు. వరిచేను వెనక్కి వెనక్కి పోయింది. ఒట్టి పడుగు మిగిలింది. వెలుతురు దాని మీద పడి, పారని నీళ్లలా మెరిసింది.

"ఈడ," అన్నాడు.

"ఇంకా వేలెడు ఉండాది."

"లేదు, చూసుకో."

వంగి చూశాను. లేదు. వంకాయ రంగు కండెను నాడెలో పెట్టాను. వచ్చే చీరకూ ఆయనే చెప్పాలి, ఆ పైదానికీ. అది ఇద్దరికీ అర్థమైంది. అన్నానికి లేస్తాడనుకున్నాను. లేవలేదు. మోకాళ్లు పట్టుకుని, నా చేతుల్ని చూస్తూ అక్కడే కూర్చున్నాడు. కొంగు మొదలైంది.