పరీక్ష సారుకు రాగి జావ

కాప్రాలో బ్లౌజులు కుట్టే పీరాంబీకి ఒక అలవాటు ఉంది. ఎవరైనా తప్పు చెబితే సరిదిద్దకుండా ఉండలేదు. బస్సులో ముందు సీటావిడ ఫోనులో "ఇవాళ బుధవారం కదా" అంటే, వెనక నుంచి భుజం తట్టి "గురువారం అక్కా" అని చెబితే గానీ ఆమెకు ఊపిరాడదు. ఒక పెళ్లిలో ఖాజీ గారు పెళ్లికొడుకు తండ్రి పేరు దగ్గర తడబడితే పరదా వెనక నుంచి అందించింది. పైగా ఆమె చెప్పేది ఎప్పుడూ నిజమే. అదే అందరికీ ఇబ్బంది.

అలాంటి మనిషి, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు సహకరించడం లేదని, మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లను ఇళ్లలో చూసుకునే పనికి శిక్షణలో చేరింది. తరగతులు పద్మారావు నగర్‌లో ఒక చర్చి వెనక హాల్లో. నేర్పేది క్యారల్ మేడం, రిటైరైన నర్సు. ఆవిడ మొదటి పాఠమే ఎదురు చెప్పకూడదని.

"వాళ్లమ్మ కోసం అడిగారనుకో, ఎప్పుడో పోయిందని చెప్పకమ్మా. నువ్వు చెప్పిన ప్రతిసారీ ఆవిడ వాళ్లకి కొత్తగా పోతుంది. మీ అమ్మ ఏం వండేదండీ అని అడుగు. చేతికేదో పనివ్వు. తర్వాత మెల్లగా ఒక ముద్ద పెట్టు."

పీరాంబీ బుద్ధిగా తల ఊపింది. పరీక్ష నాడు రోగి వేషం కట్టిన క్యారల్ మేడం "నాకు బడికి టైమైంది" అనగానే, "ఈ వయసుల బడేంది మేడం, మీకు పింఛను సుత వస్తుంది గదా" అనేసింది. ఫెయిలు.

ఇంకొక్క అవకాశమే మిగిలింది. నేరేడ్‌మెట్‌లో మేబెల్ అనే పెద్దావిడను చూసుకునే పని ఆమె కోసమే ఆపి ఉంచారు. చూడటానికి వెళ్లిన రోజున మేబెలమ్మ పీరాంబీ చెయ్యి పట్టుకుని వదల్లేదు. అయినా సర్టిఫికెట్ లేనిదే పనిలో పెట్టుకోలేమని ఆవిడ కూతురు చెప్పేసింది.

అందుకని పీరాంబీ ఇంట్లో సాధన మొదలుపెట్టింది. భర్త అన్వర్ ఏమన్నా కాదనకూడదని ఒట్టు పెట్టుకుంది. అన్వర్ ఆ సంగతి చిటికెలో పసిగట్టాడు.

"నిన్న చెత్తబుట్ట నేనే బయట పెట్టిన" అన్నాడు.

"అవ్" అంది పీరాంబీ పళ్లు బిగించి.

"మీ అన్న కంటె నేనే అందగాన్నని మీ అమ్మ అంటుండె."

"అవ్... ఇంకేమంటుండె?"

అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఇంకా తినలే" అనేవాడు. ఆమె మళ్లీ వడ్డించేది. ఆ వారం అన్వర్‌కు చొక్కా గుండీలు బిగుతయ్యాయి.

రెండో పరీక్ష నాడు క్యారల్ మేడం గుమ్మం దగ్గరే చెప్పింది. "ఈసారి రోగిగా కొత్తాయన వస్తున్నాడు. పరీక్ష పెట్టేవారూ కొత్తే. రోగి కుర్చీలో మనిషి కనబడగానే మొదలుపెట్టెయ్. నేను టీ తీసుకొస్తా."

హాల్లో ఫ్యాను కింద ఉన్న చేతుల కుర్చీయే రోగి కుర్చీ. ఎండలో పడి వచ్చినాయనకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? పరీక్ష అధికారి సదాశివ గారు సరిగ్గా అందులోనే కూలబడ్డారు. పీరాంబీ వచ్చేసరికి, కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని సంచీలో వాటి కోసమే వెతుకుతున్నారు.

ఎంత మంచిగ చేస్తుండు అనుకుంది పీరాంబీ.

"పరీక్ష పెట్టడానికి వచ్చానమ్మా" అన్నారాయన.

"అవ్ సార్. మీరే పెట్టాలె. మీరు లేకుంటే పరీక్ష యాడిది?"

ఇంత మర్యాద సదాశివ గారికి ఇంకెక్కడా దొరకలేదు. కుర్చీలో ఇంకాస్త సర్దుకున్నారు.

"ఎన్నేండ్ల సంది పెడుతున్నరు సార్?" అంటూ ఆమె కళ్లద్దాలను ఆయన ముక్కు మీదికి దించి, పరీక్షకని బల్ల మీద ఉంచిన తువ్వాళ్లు ఒళ్లో పెట్టింది. "జెర మడత పెడుతరా?"

ఆయన కబుర్లలో పడి మడత పెట్టారు. అంచులు కూడా కలిపారు. రక్త పరీక్ష కోసం పొద్దున ఏమీ తినకుండా బయల్దేరిన మనిషి. ఆమె ఆయన మెడకు తుండు కట్టి, బల్ల మీదున్న రాగి జావ స్పూనుతో నోటి దగ్గరికి తెస్తే, "ఇదేంటమ్మా" అంటూనే నోరు తెరిచారు.

అప్పుడు వచ్చాడు కామరాజు. చర్చిలో పాటలు పాడే ఆయన. అసలు రోగి వేషం ఆయనది. పదిమందిలోకి వెళ్లాలంటే కోటు తప్పనిసరి ఆయనకు. వేషానికీ అదే తొడుక్కొచ్చాడు. కోటును చూసి, పరీక్ష పెట్టే సారు ఈయనేనని పీరాంబీ లేచి నిలబడింది.

"రాండి సార్. కూసొని చూడుండ్రి. ఈయనకు తినిపిస్తున్న."

ఏం జరిగినా వేషం వదలొద్దని కామరాజుకు గట్టిగా చెప్పి ఉన్నారు. "బొల్లారంలో మా అమ్మ ఎదురుచూస్తోంది. నేను వెళ్లాలి" అన్నాడు.

పరీక్ష పెట్టే సారు వెళ్లిపోతే నేరేడ్‌మెట్ పని కూడా వెళ్లిపోయినట్టే. "ఈ గిన్నె అయిపోనియ్యిండ్రి సార్. అమ్మకు నేను ఫోను చేసి చెప్తా."

"ఎగ్జామినర్‌ని నేను" అన్నారు సదాశివ గారు, జావ మింగి.

"అవ్ సార్, మీరే" అని ఆయన వీపు నిమిరి, కోటాయన వైపు తిరిగి, ఇట్లనే అంటుంటడు అన్నట్టు తల ఊపింది.

క్యారల్ మేడం టీ ట్రేతో గుమ్మంలో ఆగిపోయింది.

"సదాశివ గారూ... ఆ తుండేంటండీ?"

పీరాంబీ చేతిలో స్పూను గాల్లోనే నిలిచిపోయింది. మేబెలమ్మ చెయ్యి జారిపోయిందనుకుంది.

సదాశివ గారు గొంతు సవరించుకుని లేచారు. "నాకు మొదట్నుంచీ తెలుసు. కావాలనే రోగిలా నటించాను. చెప్పకుండా పరీక్షిస్తేనే కదా అసలు సంగతి తేలేది."

మీసం మీద జావ ఉంది. మెడలో తుండు ఉంది. పక్కన అంచులు కలిపి మడిచిన తువ్వాళ్లు ఉన్నాయి. పీరాంబీ నాలుక దురద పెట్టింది. నోరు తెరిచింది. క్యారల్ మేడం కళ్లు మూసుకుంది.

"అవ్ సార్" అంది పీరాంబీ. "ఎంత మంచిగ చేసిండ్రు. నేను సుత గుర్తుపట్టలేకపోయిన." స్పూను మళ్లీ ముందుకు చాపి, "ఇంకొక్క స్పూనే ఉంది సార్" అంది.

ఆయన ఆ స్పూను కూడా తాగి, పాసని రాసి సంతకం పెట్టారు. కామరాజు మాత్రం గేటు దగ్గర కనబడినవాళ్లందరినీ బొల్లారం బస్సు ఎక్కడాగుతుందని అడుగుతూనే ఉన్నాడు. వేషం చాలించమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం అన్వర్ అన్నం తిని, చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమే, నేను ఇంకా తినలే."

"తిన్నవ్. చెత్తబుట్ట నేనే పెట్టిన. అందగాడు మా అన్ననే" అంది పీరాంబీ గుక్క తిప్పుకోకుండా. "రేపటి సంది మేబెలమ్మకే అవ్ అంటా. నీకు ఇయాల్టితోని బంద్."