రెండు డిస్కులకూ ఒకటే పేరు

ఆ ఆదివారం వికారాబాద్ నుంచి తాండూరు వచ్చే పొద్దుటి బండి పావుగంట ఆలస్యమైనా నా బతుకు వేరుగా ఉండేది. అది వేళకు వచ్చింది. అందులోంచి మా వదిన దిగింది.

వదిన అంటే మా ఆయన అక్క. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ల పని చూస్తుంది. నేను తాండూరులో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు నడుపుతాను. జాకెట్ల చేతుల మీద, వీపుల మీద నెమళ్లు, మామిడి పిందెలు, తీగలు మిషన్‌తో కుట్టి ఇస్తాను. డిజైన్లు బజార్లో అమ్ముతారు, నేను కొనను. నేనే గీస్తాను. ఒక్క పువ్వుకు దారం ఎటు నుంచి ఎటు పోవాలో కంప్యూటర్‌కు కుట్టు కుట్టుకూ చెప్పాలి. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన పని అది. పరిగి నుంచి, కుల్కచర్ల నుంచి ఆడవాళ్లు బస్సెక్కి వచ్చేది ఆ డిజైన్ల కోసమే కానీ నా మొహం చూసి కాదు. నా మాట తీరుకు ఇంకో షాపు అయితే ఎప్పుడో మూతపడేదని మా ఆయన అంటుంటాడు.

వదినకూ నాకూ పెద్దగా పొసగదు. కొట్లాటలేం లేవు. ఆమె ఏం చెప్పినా నాకు పాఠం చెబుతున్నట్టే ఉంటుంది, అంతే. కిందటి దసరాకు వచ్చినప్పుడు మేమంతా వంటింట్లో ఉంటే తను షాపులో కూర్చుంది. నా కంప్యూటర్‌లో ఉన్నదంతా ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసింది. కంప్యూటర్ ఎప్పుడైనా లేవకపోతే లేపడానికి ఒక పెన్‌డ్రైవ్ కూడా తయారుచేసి సొరుగులో పెట్టింది. ఆమె ఏదో వివరించబోతే సరే సరే అని నేను గారెల పిండి దగ్గరికి పోయాను.

ఆ సాయంత్రం ఆయుధపూజలో మిషన్‌కూ కంప్యూటర్‌కూ పసుపు కుంకుమ పెట్టి, కొత్త డిస్క్‌కూ పెట్టాను. కొత్తది ఏది మొదలుపెట్టినా ముందు శ్రీ రాయడం మా ఇంట్లో అలవాటు. కొత్త పుస్తకానికైనా, కొత్త బీరువాకైనా అంతే. డిస్క్ నల్లగా ఉంది, పెన్నుతో రాస్తే కనబడదు. అందుకని కంప్యూటర్‌లో దాని పేరే శ్రీ అని మార్చాను.

మొన్న వేసవిలో కంప్యూటర్ లోపలి డిస్క్ చచ్చిపోయింది. రిపేరు షాపులో కొత్తది వేయించాను. దసరాకు కొన్న బయటి డిస్క్ ఎంత సైజో ఇదీ అంతే. అక్కడే, ఇంటికి తేకముందే, దానికి కూడా శ్రీ అని పేరు పెట్టించాను. ఇక నా డిజైన్లు లోకం మొత్తం మీద ఉన్నది ఆ బయటి డిస్క్ ఒక్కదాంట్లోనే. వాటిని లోపలికి దించుకుంటేనే షాపు తెరుచుకుంటుంది.

మా ఆయన నాకు చెప్పకుండా అక్కకు ఫోన్ చేశాడు. "పొద్దుగాల బండికి వస్త. నేనొచ్చేదాంక ఏం ముట్టొద్దని చెప్పు" అందట. నా ఒళ్లు మండింది. ఆమె వచ్చేలోపు పని ముగించేసి, ఏమీ ఎరగనట్టు చాయ్ కప్పు చేతికివ్వాలని పంతం పట్టాను.

సొరుగులోని పెన్‌డ్రైవ్ పెడితే కంప్యూటర్ బుద్ధిగా లేచింది. బ్యాకప్ దించే ముందు కొత్త డిస్క్‌ను తుడవాలి, ఏ డ్రైవ్ తుడవమంటావు అని అడిగింది. తెర మీద రెండే ఉన్నాయి. సి, దాని పక్కన శ్రీ. డి, దాని పక్కనా శ్రీ. సైజులు కూడా ఒకటే. నాకు ఏ అనుమానమూ రాలేదు. సి అంటే కంప్యూటర్ లోపలిది, ఇన్నేళ్లుగా అంతే. సి నొక్కాను. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది. అది ప్రతిదానికీ అలాగే అడుగుతుంది.

వదిన అప్పుడే చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"జర ఆగు పిల్లా. చెయ్యి తియ్యి."

"సి డ్రైవే కద వదినా. లోపలిదే."

"గది నీకెవరు చెప్పిండ్రు?"

"ఎప్పుడు గంతే ఉంటది కద."

"గది మామూలుగ కంప్యూటర్ లేసినప్పటి ముచ్చట. గీ పెన్‌డ్రైవ్‌కు నీ ఇంటి సంగతులేం తెలుసు? పరిగి బస్టాండ్ల బస్సు లెక్క, ఎవరు ముందుగాల రుమాలు ఏస్తే వాళ్లదే సీటు. ఏ డిస్క్ ముందుగాల కనబడితే దానికే సి అంటది. ఆ బయటి డిస్క్ వైరు గుంజు, ఏది పోతదో చూద్దాం."

వద్దు అని నొక్కి వెనక్కి వచ్చాను. వైరు లాగాను. తెర మీది పేర్లను మళ్లీ చూపించమన్నాం. సి లేదు. డి ఒక్కటే మిగిలింది.

నేను తుడిచేయబోయింది నా డిజైన్లను. స్టూలు మీద కూలబడ్డాను. ఇప్పుడు దెప్పుతుంది, నాకు తగిన శాస్తే అనుకున్నాను. ఆమె దెప్పలేదు. "ఏం గాలె. వైరు అట్లనే ఉండనియ్యి, అది లేనప్పుడే తుడుద్దాం" అని మిగిలిన దాన్ని తుడిచింది. తర్వాతే బయటి డిస్క్ పెట్టించి, తెరిచి, లోపల నా బ్యాకప్ ఉందని కళ్లారా చూశాకే దించడం మొదలుపెట్టింది. నేను చాయ్ పెట్టాను. చక్కెర వేశానో లేదో కూడా తెలియలేదు, ఆమె మాత్రం తాగింది.

కంప్యూటర్ మామూలుగా లేచాక డిజైన్ల ఫోల్డర్ తెరిచింది. ఒకటి చూసింది, ఇంకొకటి చూసింది.

"గివన్ని నువ్వే గీసినవా?"

"ఔ వదినా."

"బజార్ల కొన్నవనుకున్న పిల్లా. నువ్వు గీసినవని తెలిస్తే దసరాకే రెండు జాగల దాస్తుంటి."

తన సంచిలోంచి సొంత డిస్క్ తీసి నా కంప్యూటర్‌కు పెట్టింది. "నీ మేలు మరువను వదినా" అన్నాను. అలాంటి మాటలు నా నోట తొందరగా రావు. ఆ రోజు వచ్చాయి. ఆమె విననట్టే నా నెమలిని తెర నిండా పెద్దది చేసి, ఈ తోక ఎట్ల గీసినవు అని అడిగింది. ఆ తర్వాత తీగ గురించి, ఆ తర్వాత పిందె గురించి. నేను పక్కన కూర్చొని సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాను.